పౌరుషమునకు పద్దు తోడు కావలెను

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా పలనాడు జిల్లా ఏర్పడినది. చిరకాలముగ వాడుకలోనున్న సీమ పేరు ప్రభుత్వపు దస్తరములకు ఎక్కినది, కచ్చేరీలు వచ్చినవి. కాని కచ్చేరీల వలన మాత్రమే ఏ సీమయు వర్ధిల్లదు. పిడుగురాళ్లలోని సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతములందలి నాపరాళ్ల పాలిషింగు కర్మాగారములు, నరసరావుపేట వీథులలోని అంగళ్లు - ఇవి నిలిచిననే పలనాడు నిలుచును. ఒక్క బట్టీ ఆరిపోయిన యెడల యజమాని యొక్కడే గాక, రాయి మోయువాడు, బండి తోలువాడు, వారి యాలుబిడ్డలు పస్తుందురు. కావున ఈ చిన్న యజమానుల మేలు కోరి కొన్ని కఠినమైన మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

వీరికి ధైర్యము కొరతయా? కాదు. పుల్లరి నెదిరించి 1922 ఫిబ్రవరిలో ప్రాణములర్పించిన కన్నెగంటి హనుమంతు పుట్టిన గడ్డ యిది. కష్టపడుట చేతకాదా? అంతకన్న కాదు. కొరతయెల్ల లెక్కయందును, ముందుచూపునందును కలదు. పలనాటి వీరగాథలో రాజ్యమును కోడిపందెమున కొడ్డిరి. ఓడినవారు ఏడేండ్లు వలస పోయిరి. తుదకు కారెంపూడి రణభూమి నెత్తుట తడిసినది. ఆ కథను భక్తితో వినుచునే, మనలో ననేకులు తమ వ్యాపారమును సైతము పందెము వలె నడుపుచున్నారు. పక్కవాడు మిషను పెట్టెను గావున తానును పెట్టును. పక్కవాడు ధర తగ్గించెను గావున తానును తగ్గించును. తన సరకు తనకెంతకు పడినదో మాత్రము ఎరుగడు.

ఒక చిన్న లెక్క చూడుడు. ఒక యజమాని లక్ష రూపాయల సరకును మూడు నెలల యరువుపై పంపినాడనుకొందము. ఖర్చులు పోను ఐదువేలు మిగిలినవని అతడు సంతోషించును. కాని ఆ లక్షయు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైనచో, మూడు నెలలకు వడ్డీయే ఆరువేలగును. లాభమని యెంచినది వేయి రూపాయల నష్టము! ఇక విరిగిన పలకల నష్టము, మిషను అరుగుదల, ఇంటివారి శ్రమకు కట్టవలసిన కూలి ఈ లెక్కలో చేరనే లేదు. ఇట్టి లాభములతో పదియేండ్లు వర్తకము చేసి, తుదకు పొలమమ్ముకొని, కాలము కలిసి రాలేదని వగచువారిని మన మెరుగనివారము కాము.

సున్నపు బట్టీ సంగతి మరియు చిత్రమైనది. స్వచ్ఛమైన సున్నపురాయి నూరు టన్నులు కాల్చినచో మిగులునది సుమారు 56 టన్నులు మాత్రమే. తక్కినది బొగ్గుపులుసు గాలియై పోవును. ఆ మిగిలిన సున్నమైనను గాలిలోని తేమ తగిలినచో విరిసి పొడియగును. అనగా ఇది నిలువయుంచిన కొలది చెడు సరకు. ఎవనికి, ఎప్పుడు, ఎంత కావలెనో ముందుగ నెరుగక బట్టీ వెలిగించుట ధనమును పొగగొట్టముగుండ విడుచుటయే. నాపరాళ్ల యజమానులకు మరియొక పరీక్ష వచ్చినది. గుజరాతులోని మోర్బి నుండి వచ్చు నునుపైన పలకలు నేడు మన యిండ్ల నేలలను కప్పుచున్నవి. ధర తగ్గించి వానితో పోరుట ఆత్మహత్య వంటిది. ఏ పనికి నాపరాయి మేలైనదో, ఏ యూళ్లలో దానికి గిరాకి యున్నదో, ఏ కొలతలలో కోసిన వ్యర్థము తగ్గునో విచారించి మూడేండ్లకు పథకము వేసికొనుట ఒక్కటే మార్గము.

"ఇవి పెద్ద కంపెనీల చదువులు, మాకెందుకు?" అని కొందరందురు. మన పూర్వపు వర్తకులు ఏ కళాశాలలో చదివిరి? చిట్టా, ఆవర్జా వ్రాయనిదే వారు రాత్రి దీపమార్పలేదు. పద్దు మనకు పరాయి విద్య కాదు. మనము మరచిన విద్య. శిక్షణచే ఫలము కలుగదనువారికి కాకినాడయే సమాధానము. 1964లో హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కలిసి, కాకినాడకు చెందిన చిన్న వ్యాపారులకు స్వల్పకాల శిక్షణ నిప్పించిరి. తమ లక్ష్యమును తామే నిర్ణయించుకొనుట, గుడ్డి సాహసము మాని లెక్కించిన సాహసము చేయుట వారికి నేర్పిరి. పిదప విచారింపగా, శిక్షణ పొందినవారు పొందనివారికంటె ఎక్కువగా పెట్టుబడులు పెట్టి, ఎక్కువమందికి పని కల్పించిరని తేలినది. ఆ వృత్తాంతము 1969లో గ్రంథముగ వెలువడినది. కాకినాడ వర్తకునికి సాధ్యమైనది మాచర్ల వర్తకునికి అసాధ్యమా?

నిపుణుడైన నిర్వాహకునికి జీతమిచ్చు శక్తి ఒక్కొక్క చిన్న యజమానికి లేదనుట నిజమే. అయితే పదిమంది కలిసినచో? పది కర్మాగారములకు ఒక గణకుడు, ఒక నిర్వాహకుడు చాలును. బ్రహ్మనాయుడు అందరినొక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని చెప్పుకొను సీమలో, పదిమంది యజమానులు ఒక్క బల్లచుట్టు కూర్చుండలేరా? ఇందుకు ముఖ్యమైన యడ్డంకి ధనము కాదు, అభిమానము. తన పద్దు పరుడు చూచుట యజమానికి చిన్నతనము. ఇంటి ఖర్చు, అంగడి ఖర్చు ఒకే పెట్టెలో నుండుట సుఖము. ఆ చిన్నతనమును దిగమ్రింగి, ఆ సుఖమును విడువనిదే వృద్ధి లేదు.

చట్టము వీరికి కొంత యండగ నిలిచినది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము, ఒడంబడిక లేనియెడల 15 దినములలోను, ఉన్నను 45 దినములకు మించకుండను సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారునికి సొమ్ము చెల్లింపవలెను. తప్పినచో బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ. గడువులోగా చెల్లింపని సొమ్మును ఆ యేటి ఖర్చుగ చూపుకొనరాదని 2023లో ఆదాయపు పన్ను చట్టమునకు సవరణయు వచ్చినది. కాని ఉద్యమ్ నమోదు, బిల్లు, రసీదు లేనివానికి ఏ చట్టము కొమ్ముకాయగలదు? చేతిలో కాగితములున్నవాడును గిరాకి పోవునని భయపడి నోరు మెదపడు. ఒంటరివాడు అడుగలేని బాకీని సంఘమడుగవచ్చును. ఇందులకైనను సంఘము కావలెను.

ప్రభుత్వము వారికి, బ్యాంకుల వారికి మా మనవి యొక్కటే. అప్పిచ్చి చేతులు దులుపుకొనుట సాయము కాదు. అప్పుతో పాటు లెక్క వ్రాయుట నేర్పుడు. ఆ నేర్పు తెలుగున నేర్పుడు. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో నేర్పుడు.

పలనాటి యజమానులారా! వచ్చు నెల మొదటి దినమున ఒక్క పుస్తకము కొనుడు. ఇంటి పెట్టె వేరు, అంగడి పెట్టె వేరు చేయుడు. మీ సరకు మీకెంతకు పడుచున్నదో నెలాఖరున మీ కుమారునికో, కుమార్తెకో చూపుడు. ఆ యంకె మిమ్ము భయపెట్టినచో మంచిదే. నేడు పుస్తకములో భయపడినవాడు రేపు సంతలో భయపడడు.