లారీ మోత పెరిగింది.. మరి రోడ్డు?

2018 జులైలో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. రెండు యాక్సిళ్ల లారీ స్థూల బరువు 16.2 టన్నుల నుంచి 18.5కు చేరింది. ఇదంతా సరకు కాదు, బండి సొంత బరువూ ఇందులోనే. చాలామంది పొరబడేది ఇక్కడే.

వెనుక యాక్సిల్ పరిమితి 10.2 టన్నుల నుంచి 11.5 అయింది. పెరిగింది 13 శాతం లోపే కదా అనుకోవద్దు. రోడ్డు అరుగుదల యాక్సిల్ బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందని ఇంజినీర్ల అంచనా సూత్రం. ఆ లెక్కన ఒక్కో ట్రిప్పుకు నష్టం దాదాపు 60 శాతం ఎక్కువ. ట్రిప్పులు తగ్గి డీజిల్ మిగిలేది యజమానికి, మరమ్మతు ఖర్చు ప్రజలకు!

పరిమితి దాటితే 2019 సవరణ చట్టం ప్రకారం రూ.20 వేల జరిమానా, అదనపు టన్నుకు మరో రూ.2 వేలు. ఏఎంవీఐ పోస్టులకు చదువుతున్నారా? అంకెలతో పాటు ఈ లెక్కనూ పట్టుకోండి.