చేతనైన పని: బండి వెనక పోపులపెట్టె

పోయిన నెల ఈ శీర్షికలో కారే కుళాయి గురించి రాస్తే, "ఇంతకీ మీ యింట్లో కుళాయి ఆగిందా?" అని ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. ఆగిందండీ. మూడో వాషరుకి ఆగింది.

ఈ నెల సంగతి అంత తేలిక కాదు. మనవాళ్ళు చాలామంది రెండు రోజులు సెలవు దొరికితే పిల్లల్ని వేసుకుని యెడారికో, తాయిఫ్ కొండలకో వెళ్తున్నారు. అందుచేత ఫోర్ వీల్ బండి వెనక సామాను సర్దుకోడానికి సొరుగుల పెట్టె యింట్లోనే యెలా చేసుకోవచ్చో రాస్తాను. అది నేనెందుకు చెయ్యవలసి వచ్చిందో ముందు చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే వుంది.

మాది పాత లాండ్ క్రూజర్. షరఫియాలో మా వీధిలో నీడ దొరికే చోటు ఒక్కటే. దానికోసం నేనూ, పక్కింటి మలయాళీ ఆయనా రోజూ పోటీ. కిందటి చలికాలంలో రెండు కుటుంబాలం కలిసి అల్ వాబా గొయ్యి చూడ్డానికి బయల్దేరాం. తాయిఫ్ నుంచి సుమారు 250 కిలోమీటర్లు. అగ్నిపర్వతం వదిలిపెట్టిన గొయ్యి అది. రెండు కిలోమీటర్ల వెడల్పు, 250 మీటర్ల లోతు. అడుగున తెల్లటి లవణం పేరుకుని, పైనుంచి చూస్తే పెద్ద పళ్ళెంలో పెరుగు తోడుపెట్టినట్టు వుంటుంది. చూసినవాళ్ళు మళ్ళీ చూస్తామంటారు, చూడనివాళ్ళు తప్పక వెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఒక మలుపు దాటగానే దీపాల వెలుగులో ఒంటె. రోడ్డుకి అడ్డంగా, యెవరికోసమో యెదురు చూస్తున్నట్టు నిలబడి వుంది. ఒంటెతో వచ్చిన చిక్కు మీకు తెలిసిందే. కాళ్ళు పొడుగు. బండి దాని కాళ్ళకి తగిలితే, ఆ బరువంతా వచ్చి ముందు అద్దం మీద పడుతుంది. బ్రేకు మీద నిలబడ్డాను. నాలుగు బారల దూరంలో బండి ఆగింది. ఒంటె మా వంక ఒకసారి చూసి, తన దారిన తను పోయింది.

బండి ఆగింది గాని వెనక సామాను ఆగలేదు. సీటు యెత్తు దాటేలా పేర్చాను మరి. అయిదు లీటర్ల కుక్కరు సీటు మీదుగా వచ్చి మా అబ్బాయి భుజానికి తగిలింది. మెడ కింద యెముక చిట్లింది. పదేళ్ళవాడు, మూడు వారాలు చెయ్యి మెడకి వేలాడేసుకుని బడికి వెళ్ళాడు. అదే కుక్కరు జానెడు పైకి తగిలి వుంటే యేమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రాదు.

బయల్దేరే ముందు మా ఆవిడ "ఏమండీ, వెనక సామానుకి తాడు కట్టరా?" అని అడిగింది. "గంటకోసారి విప్పాలి, కట్టాలి, యెందుకొచ్చిన గొడవ" అన్నది నేనే. ఆ మాట ఆవిడ యింతవరకూ యెత్తలేదు. యెత్తి నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది.

ఇది వట్టి బ్రేకుకి జరిగినది. ఢీకొంటే యెలా వుంటుందో తర్వాత కాగితం మీద లెక్క వేశాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేనికైనా కొట్టుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువూ ఆ క్షణంలో తన బరువుకి దాదాపు 20 రెట్లు బలంతో ముందుకి వస్తుంది. అయిదు కిలోల కుక్కరు 100 కిలోల బస్తా అవుతుంది. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా 400 కిలోలవుతుంది. మనం పిల్లల్ని కూర్చోబెట్టేది సరిగ్గా దాని ముందే.

ఆ రోజుల్లో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే వున్నారు. వెనక తలుపు తీసి చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, "బాబూ, పోపులపెట్టెలో ఆవాలు యెక్కడున్నాయో దీపం లేకపోయినా నా చేతికి తెలుసు. మీ బండిలో యేది యెక్కడుందో పగలే తెలియదు" అన్నారు. ఇంజనీరింగు చదివిన నాకు ఆ మాట చాలింది. దేని అర దానికి వుండాలి, మూత వుండాలి, పెట్టె కదలకుండా వుండాలి. నేను చేసినదల్లా చక్రాల మీద పోపులపెట్టె.

ఇక పని. ఆస్ట్రేలియాలో యిలాంటి సొరుగులు తయారుచేసి అమ్మే కంపెనీలు చాలా వున్నాయి. అక్కడి నడిదేశంలోనూ మన యెడారిలాగే దూరాలు యెక్కువ, ఊళ్ళు తక్కువ. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. చేసుకునేవారికి కావలసింది 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ పెట్టెకి, 12 మిల్లీమీటర్లది సొరుగులకి. చౌకరకం పొడిచెక్క బల్లలు వద్దు. జెద్దా ఉక్కకి అప్పడంలా వుబ్బుతాయి.

ముందు కొలతలు. చక్రాల గూళ్ళ మధ్య యెంత వుందో మూడు చోట్ల కొలిచి, వాటిలో తక్కువది తీసుకోండి. నా పెట్టె వెడల్పు 104 సెంటీమీటర్లు, లోతు 90, యెత్తు 28. రెండు పక్క బల్లలు, నడిమి బల్ల, ఒక్కొక్కటి 1.8 చొప్పున 5.4 పోతే 98.6 మిగిలింది. అందులో సగం 49.3. సొరుగు జారే పట్టాలు, బరువు మోసే రకం, ఒక్కోవైపు 1.9 తింటాయి. అంటే సొరుగు బయటి వెడల్పు 45.5. ఈ తీసివేతలో అర సెంటీమీటరు తప్పితే సొరుగు పట్టదు, లేకపోతే గలగలలాడుతుంది. నాకు మొదటిసారి పట్టలేదు. నడిమి బల్ల మందం మరిచిపోయాను.

పెట్టె బిగించేటప్పుడు మూలమట్టం ఒక్కదాన్నే నమ్ముకోకండి. మూల నుంచి యెదుటి మూలకి టేపు పెట్టి చూడండి. 104కి 90 పెట్టె అయితే రెండు వైపులా 137.5 రావాలి. తేడా వస్తే జిగురు ఆరకముందే నొక్కి సరిచెయ్యండి. పట్టాలు రెండూ సమంగా వుండడానికి టేపుతో కొలవడం కంటె, ఒకే యెత్తుకి కోసిన చెక్క ముక్క అడుగున పెట్టి దానిమీద పట్టా ఆనించి స్క్రూ బిగించడం మేలు. ఈ కిటుకు షరఫియాలో తలుపులు చేసే ఒక మలయాళీ వడ్రంగి చెప్పాడు. "సార్, టేపు అబద్ధం చెబుతుంది, చెక్క చెప్పదు" అన్నాడు. అంచులకి రెండు మూడు పూతలు వార్నీషు వెయ్యండి. తేమ ముందు దూరేది అంచుల నుంచే.

ఈ పట్టాల్లో వుండేవి చిన్న చిన్న గోళీలు. వాటికి గ్రీజు పూస్తే మన యిసక దానికి అంటుకుని నాలుగు ప్రయాణాల్లో ఉప్పుకాగితం అవుతుంది. గ్రీజు తుడిచేసి, మైనం గాని గ్రాఫైటు పొడి గాని వాడండి. అసలు పట్టాలే వద్దనుకుంటే యింకో దారి వుంది. వంటింట్లో కూరలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ బల్ల కొని, పట్టీలుగా కోసి, సొరుగు అడుగున, పెట్టె అడుగున బిగించండి. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ సుఖంగా జారుతుంది, యిసక పడితే గుడ్డతో తుడిస్తే పోతుంది. కాకపోతే సొరుగు పూర్తిగా బయటికి రాదు.

ప్రతి సొరుగుకీ గట్టి గడియ తప్పనిసరి. యిసక తిన్నె యెక్కేటప్పుడు బండి ముక్కు ఆకాశం వైపు వుంటుంది. గడియ లేని సొరుగు వెనక తలుపుని లోపలినుంచి గుద్దుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతవరకూ చదవకుండా పేజీ తిప్పినవాళ్ళు కూడా ఇక్కడ ఆగాలి.

పెట్టె పూర్తయ్యాక నేను దాన్ని బండి అడుగు రేకుకి ఎనిమిది స్క్రూలతో బిగించి, యెంతో మురిసిపోయి, మెకానికల్ ఇంజనీరైన ఒక మిత్రుణ్ణి టీకి పిలిచాను. ఆయన టీ తాగలేదు. కాలు బండి అంచుకి తన్ని పెట్టి, పెట్టెని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. స్క్రూలు కదిలిన పళ్ళలా వూడి వచ్చాయి. "బావగారూ, మీరు చేసింది సొరుగు కాదు, ఫిరంగి గుండు" అన్నాడు.

లెక్క చూడండి. ఖాళీ పెట్టె నాకు 55 కిలోలు తూగింది. సామాను 60 కిలోలు. మొత్తం 115. దాన్ని 20తో హెచ్చించండి. 2300 కిలోలు పిల్లల వీపు వెనక! కుక్కరుకి భయపడి నేను అంతకంటె పెద్దదాన్ని తెచ్చి పెట్టాను. విడి సామాను కంటె విడి పెట్టె ప్రమాదం.

మా బండిలో మూడో వరుస సీటు తీసేస్తే, ఆ సీటుకి కంపెనీవాళ్ళు యిచ్చిన బోల్టు కంతలు మిగిలాయి. కింద నట్టు అతికి వుంటుంది, అక్కడ రేకు కూడా మందం. అవే మనకి శరణ్యం. వాటికి సరిపడే బోల్టులు, తల మీద 8.8 అంకె వున్నవి, వెడల్పాటి వాషరూ స్ప్రింగ్ వాషరూ వేసి బిగించండి. బోల్టు తెగదు, చిరిగేది రేకూ చెక్కా. అందుకే పెట్టె అడుగున బోల్టు దూరే చోట ఇనప పట్టీ వెయ్యాలి. కంతలు లేని బండి అయితే మీ అంతట మీరు డ్రిల్లు పట్టకండి. అడుగున పెట్రోలు ట్యాంకు వుంటుంది, తీగలుంటాయి. వర్క్‌షాపులో కింద ఇనప పలక వేయించి బిగించుకోండి. జెద్దాలో అబ్దుల్ లతీఫ్ జమీల్ టొయోటా పంపిణీ తీసుకున్నది 1955లో. ఆ బండ్ల వొళ్ళు యెరిగిన మెకానిక్కులకి యిక్కడ కొదవ లేదు. ఫహస్ తనిఖీ వేళకి పెట్టె తీసి సీటు పెట్టుకునేలా కూడా చూసుకోండి.

పెట్టె వచ్చిందని దానిపైన మళ్ళీ మూటలు పేర్చితే మొదటికే వస్తాం. పై బల్లకి నాలుగు ఇనప రింగులు బోల్టులతో బిగించి, ప్రతి మూటనీ పట్టీతో కట్టండి. వెనక సీటుకీ సామానుకీ మధ్య పై కప్పుదాకా ఇనప జాలీ వుంటే మరీ మంచిది.

ఇక దేన్ని యెక్కడ పెట్టాలి? బరువైనవి సీటు వైపు, అడుగున. కుడి సొరుగు వంటది: కుక్కరు, గిన్నెలు, పప్పు, బియ్యం, ఆవకాయ సీసా గుడ్డలో చుట్టి. ఎడమది బండిది: జాకీ, గాలి పంపు, గాలి కొలిచే గేజి, లాగే తాడు, స్పానర్లు. మిగిలిన ప్లైవుడ్‌లో జానెడున్నర చదరం కోసి జాకీ పక్కన పెట్టండి. ఇసకలో వట్టి జాకీ వేస్తే బండి లేవదు, జాకీ దిగుతుంది.

సొరుగులో పెట్టకూడనివి యింకా ముఖ్యం. తాగే నీళ్ళు, మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు మనుషులు కూర్చునే వైపే, కదలకుండా కట్టి వుండాలి. బండి వొరిగి వెనక తలుపు ఇరుక్కుపోతే సొరుగులో నీళ్ళు వున్నా లేనట్టే. పార కూడా పై బల్ల మీద కట్టి వుండాలి. గ్యాసు సిలిండరు సొరుగులో అసలు వద్దు. ఆ గ్యాసు గాలి కంటె బరువు, కారితే సొరుగు అడుగునే కూర్చుంటుంది. పెట్రోలు డబ్బా సంగతి చెప్పనక్కరలేదు.

నాకు ఆరు వారాంతాలు పట్టింది. వార్నీషు ఆఖరి పూత మా అబ్బాయే వేశాడు, మంచి చేత్తో. ఆ తర్వాత రెండుసార్లు ప్రయాణం చేశాం. ఐదు వందల కిలోమీటర్లకోసారి బోల్టులు బిగుతు చూడాలని నేను చెప్పాను, వాడు పెట్రోలు పోయించిన ప్రతిచోటా చూస్తున్నాడు. స్పానరు తన సీటు జేబులోనే వుంచుకున్నాడు. నేను కొంచెం గట్టిగా బ్రేకు వేస్తే యిప్పటికీ చెయ్యి భుజం మీదికి పోతుంది, ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. సొరుగు కదలదు. వాడు మళ్ళీ ముందుకి తిరుగుతాడు. ఆ చూడ్డం యెప్పటికి మానతాడో నేను అడగలేదు.

కొలతల కాగితం కావలసినవారు వచ్చే సమావేశంలో నన్ను అడగండి, నకలు యిస్తాను. మీ బండి వెనక భాగం కొలిచి మరీ రండి. సొరుగులు చేసినా చెయ్యకపోయినా, యీ వారాంతం బయల్దేరేవాళ్ళు ముందు ఒక తాడు కొనుక్కోండి. మీ ఆవిడ అడగకముందే కట్టండి.