చదివి వినిపించని అఫిడవిట్‌కు రైతు జవాబుదారా?

తహసీల్దార్ ఆఫీసుకు పోయినా, బ్యాంకుకు పోయినా రైతుకు ముందుగా వినిపించే మాట 'నోటరీ చేయించుకొని రా' అన్నదే. పాసు పుస్తకం పోతే నోటరీ. ఆధార్‌లో ఒక పేరు, పట్టాలో ఒక పేరు ఉంటే నోటరీ. తండ్రి చనిపోయాక భూమి విరాసత్ చేయించుకోవాలన్నా (ఆంధ్రలో ఫౌతి అంటారు) నోటరీయే. ఆఫీసు గేటు బయట టైపిస్టు స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కొట్టి, సంతకమో వేలిముద్రో వేయించుకొని, అరగంట ఆగమంటాడు. అరగంటకు గుండ్రటి సీలు పడి కాగితం తిరిగి వస్తుంది. నోటరీ అనే మనిషిని మాత్రం చాలామంది రైతులు చూడనే చూడరు.

కానీ ఆ సీలు పక్కన ఏముంటుంది? 'నా ముందు హాజరై, ప్రమాణం చేసి, సంతకం పెట్టారు' అని ఉంటుంది. అంటే ఆ కాగితంలో మొట్టమొదటి అబద్ధం నోటరీదే.

నోటరీ దగ్గర జరిగే పనులను మనం ఒకే మాటతో పిలుస్తాం గానీ, రైతులకు ఎక్కువగా అవసరపడేవి రెండు, వాటి మధ్య తేడా ఉంది. కౌలు ఒప్పందం, అప్పు పత్రం, జీపీఏ వంటి వాటి మీద ఫలానా మనిషే సంతకం పెట్టాడని ధ్రువీకరించడం ఒకటి. అందులో రాసిన సంగతి నిజమని నోటరీ పూచీ పడడు. రెండోది ప్రమాణం చేయించడం. అఫిడవిట్‌లో రాసిందంతా నిజమని రైతు దైవసాక్షిగా చెప్పాలి, దేవుణ్ణి నమ్మనివారు ఆత్మసాక్షిగా చెప్పవచ్చు. ఎమ్మెల్యేలు అసెంబ్లీలో చేసేది కూడా ఇలాంటి ప్రమాణమే, కాకపోతే వాళ్లను మైకు ముందు నిలబెట్టి చేయిస్తారు. 1952 నోటరీల చట్టం 8వ సెక్షన్ ఈ రెండు పనులనూ నోటరీకే అప్పగించింది, టైపిస్టుకు కాదు.

ప్రమాణం తప్పయితే శిక్ష ఎవరికి? చట్టం ప్రకారం ప్రమాణం చేసి తెలిసీ అబద్ధం చెబితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు, కోర్టు విచారణలోనైతే ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. టైపిస్టు పేరు అందులో ఎక్కడా ఉండదు. ఉండేది రైతు వేలిముద్రే. 'నాకు చదివి వినిపించలేదు, తెలియక వేశాను' అని నిరూపించుకునే భారం అతని నెత్తినే పడుతుంది.

విరాసత్ కేసుల్లో ఈ నష్టం కళ్లకు కడుతుంది. భర్త చనిపోయిన ఆమెతో కుటుంబ సభ్యుల వివరాల అఫిడవిట్ ఇప్పిస్తారు. అందులో కొడుకుల పేర్లు మాత్రమే రాసి, పెళ్లై వెళ్లిన కూతుళ్ల పేర్లు ఎగరగొడతారు. 2005 సవరణ తర్వాత హిందూ కుటుంబాల్లో పెళ్లైన కూతురికి కూడా కొడుకుతో సమానంగా హక్కు ఉంది. ఆ తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకొని 'అమ్మా, నీకు పిల్లలెందరు?' అని నోటరీ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆ అన్యాయం అక్కడే ఆగిపోతుంది. అడగకపోతే కొన్నేళ్లకు అక్కాతమ్ముళ్లు కోర్టు మెట్లెక్కుతారు, తల్లి వేలిముద్రే తల్లిని ముద్దాయిని చేస్తుంది.

మరో భ్రమ కూడా వదలాలి. నోటరీ అయిన అమ్మకం కాగితంతో భూమి మీ పేరిట కాదు. వంద రూపాయలు, ఆ పైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 చట్టమే చెప్పింది. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. తెలంగాణలో 2020లో సాదాబైనామాల కోసం దరఖాస్తు పెట్టుకున్న లక్షల మంది ఏళ్ల తరబడి ఎదురుచూపులు చూడాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడి నోటరీతో సరిపెట్టుకుంటే రేపు మన పిల్లలకూ అదే గతి.

నోటరీలు చెప్పేదీ వినాలి. జనం తొందరపెడతారని, తెలిసిన వకీలు తెచ్చిన కాగితమని నమ్మి సంతకం పెడతామని అంటారు. తొందరపెట్టే రైతులు ఉన్న మాట నిజమే. కానీ రోజుకు ఇన్ని సంతకాలని లెక్క చూసుకునే నోటరీకి ఒక్కో మనిషి ముఖం చూసే తీరిక ఎందుకు లేదు? 1956 నిబంధనల ప్రకారం ప్రతి పనినీ రిజిస్టరులో ఎక్కించాలి, ఫీజుల పట్టిక ఆఫీసు లోపలా బయటా కనబడేలా పెట్టాలి. మీ ఊరి దగ్గర అలాంటి పట్టిక ఎక్కడైనా చూశారా?

చట్టంలో లోపమూ ఉంది. నోటరీ తన విధుల్లో నేరం చేసినా, ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు స్వీకరించాలని 13వ సెక్షన్ అంటోంది. రైతు నేరుగా వెళ్తే తలుపు తెరుచుకోదు. దుష్ప్రవర్తన మీద ఆ నోటరీని నియమించిన ప్రభుత్వానికి ఫిర్యాదు చేయవచ్చు, పేరు తొలగించే అధికారం దానికి ఉంది. ఈ దారిని మన మండల కమిటీలు ఇకనైనా వాడాలి. పేరులో ఒక అక్షరం తేడాకు కూడా అఫిడవిట్ అడిగే పద్ధతి మానేసి, రైతు స్వయంగా రాసిచ్చిన ప్రకటనతో, గ్రామంలో విచారణతో సరిపెట్టాలని తహసీల్దార్లను నిలదీయాలి. అవసరం లేని అఫిడవిట్లు తగ్గితే అవసరమైన వాటిని నోటరీ చదివి వినిపించే వీలుంటుంది.

ఈలోగా సభ్యులకు చెప్పేది ఇంతే. ఖాళీ స్టాంపు కాగితం మీద, అప్పిచ్చేవాడు ఎంత ఒత్తిడి చేసినా, వేలిముద్ర వేయకండి. నోటరీ ఎదురుగా కూర్చుని చదివించుకోండి, చదువు వచ్చిన పిల్లలను వెంట తీసుకెళ్లండి. రిజిస్టరులో ఏ నంబరు కింద ఎక్కించారో అడిగి, సీలు పడిన కాగితాన్ని ప్రతి పేజీ ఫోనులో ఫోటో తీసుకున్నాకే ఆఫీసులో ఇవ్వండి.