గడ్డి కింది గట్టు

భూమిలో సంచరించి, పూర్వం గతించినవారి పర్యవసానం ఏమైందో చూడమని దివ్య ఖుర్‌ఆన్ మనకు పలుచోట్ల బోధిస్తుంది. ఆ మాట వినగానే ఆద్, సమూద్ జాతుల శిథిలాలు మన మనసులో మెదులుతాయి. అవి అహంకరించి నశించినవారి ఆనవాళ్లు. అయితే శిథిలాలన్నీ దౌర్జన్యపరులవే కావు. దౌర్జన్యానికి గురైనవారి ఆనవాళ్లు కూడా నేలమీద మిగిలి ఉంటాయి. అటువంటి ఒక ఊరిని గురించి ఈ నెల ఆలోచిద్దాం.

ఇంగ్లండు ఉత్తర భాగాన, యార్క్‌షైర్‌లోని సుద్దరాతి కొండల నడుమ వార్రమ్ పెర్సీ అనే స్థలం ఉంది. పైకప్పు లేని ఒక పాత చర్చి, దాని పక్కన విశాలమైన పచ్చిక బయలు - తొలిచూపుకు కనిపించేది దాదాపు ఇంతే. కానీ సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ పచ్చికను పరికిస్తే, నేల చదునుగా లేదని తెలుస్తుంది. వరుసగా కనిపించే తక్కువ ఎత్తు దిబ్బలు ఒకప్పటి ఇళ్ల స్థలాలు. వాటి నడుమ పల్లంగా సాగే చారలు, మనుషులూ పశువులూ తరతరాలుగా నడవగా లోతుకు దిగిన దారులు. ప్రతి ఇంటి వెనుకా ఒక పెరడు. ఒక పెరటికీ మరో పెరటికీ నడుమ మట్టి గట్టు. ఆ ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. ఎవరి హద్దు ఎంతవరకో చెప్పే గట్టు మాత్రం ఐదు వందల ఏళ్లుగా గడ్డి కింద నిలిచే ఉంది.

మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే చరిత్రకారుడు 1948లో ఈ స్థలాన్ని చూశారు. 1950 నుండి 1990 వరకు, ఆయనా పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్‌స్టూ ముందుండి, ప్రతి వేసవిలోనూ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. చర్చి ఆవరణలోని సమాధుల నుండి సుమారు 700 మంది అస్థికలు లభించాయి. ఆ ఊరి పద్నాలుగేళ్ల పిల్లల ఎత్తు, నేటి పదేళ్ల పిల్లల ఎత్తుకు మించలేదని వాటిని పరిశీలించినవారు గుర్తించారు. పేదరికం ఎముకలలో సైతం తన లెక్క వ్రాసి ఉంచుతుంది.

1348-49లో వచ్చిన ప్లేగు మహమ్మారి ఈ ఊరిని తుడిచిపెట్టిందని అనుకోవడం సులభం. కానీ మహమ్మారి తర్వాత కూడా ఇక్కడ పొయ్యిలు వెలిగాయి, నాగళ్లు కదిలాయి. ఆ పై శతాబ్దంలో ధాన్యం కంటే గొర్రెల ఉన్నికి లాభం పెరిగింది. పొలం దున్నడానికి ఊరంతా కావాలి; మందను కాయడానికి ఒక కాపరి చాలు. ఊరు క్రమంగా చిక్కిపోయింది. 1500 ప్రాంతంలో మిగిలిన కొద్ది కుటుంబాలనూ ఖాళీ చేయించగా, సాగునేల గొర్రెల మేతబీడుగా మారింది. ఇలా పల్లెలు పాడుబడటంపై 1517లో ప్రభుత్వమే విచారణ జరిపించవలసి వచ్చింది. అప్పటికే ఆ పొయ్యిలు చల్లారిపోయాయి.

జానెడు నేలనైనా అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర ఆ నేల చుట్టబడుతుందని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసును మనం గొప్ప జమీందారుల కోసం చెప్పినదని భావించి ఊరట చెందుతాం. జానెడు అన్న మాటను మరచిపోతాం. జానెడు నేల జమీందారుకు లెక్కలోనిది కాదు. దున్నేటప్పుడు పక్కవాని గట్టును కాస్త చెక్కేవారిది అది. గోడ కట్టేటప్పుడు వీధిలోకి కాస్త జరిగేవారిది అది.

అన్నిటికంటే ముఖ్యంగా, అది తోబుట్టువు వాటాను తనలో కలుపుకునేవారిది. తండ్రి మరణించిన తర్వాత మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు వారి వాటా అందుతున్నది? “పెళ్లికి ఖర్చు పెట్టాం కదా” అంటాం. ఆ ఖర్చు వారసత్వానికి బదులు కాదు. “చెల్లెలే వద్దన్నది” అంటాం. వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో వద్దన్నదో, సంతోషంతో వద్దన్నదో మన అంతరాత్మకు తెలియదా? ముందు ఆమె వాటాను ఆమె చేతికి అప్పగించాలి. ఆపై ఇవ్వడమో, ఉంచుకోవడమో ఆమె ఇష్టం.

సూరహ్ నిసాలో వారసత్వ వాటాలను వివరించిన వెంటనే, వాటిని అల్లాహ్ నిర్ణయించిన హద్దులుగా ఖుర్‌ఆన్ పేర్కొన్నది. హద్దు అంటే గట్టే. మనుషులు వేసిన మట్టిగట్టే ఐదు వందల ఏళ్లు చెరగకుండా సాక్ష్యం చెబుతుంటే, అల్లాహ్ వేసిన గట్టును మన కాగితాలతో, మన మౌనంతో చెరిపివేయగలమా?

ఈ నెలలోనే ఇంటి పెద్దలు ఒకనాడు కూర్చుని, ఎవరి వాటా ఎవరి వద్ద నిలిచిపోయిందో లెక్క చూసుకోవాలని మా విన్నపం. హక్కుదారులు జీవించి ఉండగానే వారి హక్కును వారికి చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.