డీజిల్ దీవుల్లో డిమ్మర్ లెక్క

అండమాన్ నికోబార్ దీవులకు దేశ విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు. చాలావరకు ఏ దీవి కరెంటు ఆ దీవిదే. అందులో ఎక్కువ భాగం ఓడల్లో తెచ్చిన డీజిల్‌ను కాల్చి తీసేదే. ఆ ఖర్చు మొత్తం బిల్లుల్లో వసూలు కాదు. లోటును కేంద్ర బడ్జెట్ పూడుస్తుంది. అందుకే ఇక్కడ ఒక యూనిట్ ఆదాకు విలువ ఎక్కువ. 2011 జనగణన ప్రకారం జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాట్లాడే ఈ దీవుల్లో, కొత్త ఇంటికో పర్యాటక వసతికో స్మార్ట్ డిమ్మర్ కొనేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది నిజంగా కరెంటు మిగులుస్తుందా?

ముందు సాంకేతిక చిక్కు చూద్దాం. సాధారణ డిమ్మర్ ఫిలమెంట్ బల్బు కోసం పుట్టింది. సెకనుకు 100 సార్లు కరెంటు తరంగంలో కొంత ముక్కను కోసేస్తుంది. వేడెక్కిన ఫిలమెంట్ అంతలోనే చల్లారదు కాబట్టి ఆ కోత కంటికి కనిపించదు. ఎల్ఈడీ బల్బులో మాత్రం డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజీ తగ్గినా వెలుగు తగ్గకుండా చూడటం మంచి డ్రైవర్ పని. వోల్టేజీ ఎగుడుదిగుడులుండే చిన్న గ్రిడ్‌లో ఇది వరమే. కానీ డిమ్మర్ కోరేది వెలుగు తగ్గాలని. ఒకటి తగ్గించబోతే రెండోది నిలబెట్టబోతుంది. రెపరెపలు, గుయ్‌మనే మోత, ఉన్నట్టుండి ఆరిపోవడం ఆ పెనుగులాట ఫలితమే.

ఇంకో రెండు కారణాలున్నాయి. పాత రకం డిమ్మర్ నిలకడగా పనిచేయాలంటే కనీస లోడు కావాలి. ఒకటి రెండు ఎల్ఈడీలు దానికి చాలవు. స్విచ్‌బోర్డులో న్యూట్రల్ వైరు లేకుండా పనిచేసే స్మార్ట్ డిమ్మర్ తనకు కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బు గుండానే లాగుతుంది. అందుకే స్విచ్ ఆపినా కొన్ని బల్బులు మిణుకుమంటూనే ఉంటాయి.

ఇప్పుడు ఆదా లెక్క. నాలుగు 9 వాట్ల బల్బులను రోజూ 5 గంటలు సగం కరెంటుతో వెలిగిస్తే 90 వాట్-అవర్లు మిగులుతాయి. ఎప్పుడూ మేల్కొని ఉండే స్విచ్ ఒక వాట్ తీసుకుంటుందనుకుంటే రోజుకు 24 పోతాయి. మిగిలేది 66, అంటే నెలకు దాదాపు 2 యూనిట్లు. ఒకే బల్బుంటే ఆదా సున్నా. అదే ఒక 60 వాట్ల పాత బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ పెడితే ఆ 5 గంటల్లోనే 255 మిగులుతాయి. అసలు లాభం బల్బు మార్చడంలో ఉంది, మసక చేయడంలో కాదు.

రెపరెపలకు విసిగి డిమ్మర్ కోసం మళ్లీ ఫిలమెంట్ బల్బులు బిగిస్తేనే అసలు నష్టం. నాలుగు 60 వాట్ల బల్బులు సగం కరెంటుతో వెలిగినా 5 గంటలకు 600 వాట్-అవర్లు కాలుస్తాయి. అవే చోట్ల ఎల్ఈడీలు పూర్తి వెలుగిచ్చినా అయ్యేది 180. ఉజాలా పథకం 2015 నుంచి దేశమంతటా పంచిన 36 కోట్లకు పైగా ఎల్ఈడీలతో సాధించిన ఆదాను ఒక సరిపడని స్విచ్ ఆ ఇంట్లో వెనక్కి తిప్పేస్తుంది.

అలాగని డిమ్మర్ వద్దని కాదు. కంటికి హాయి ఒక కారణం. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో తక్కువ వెలుగు మరో కారణం. గుడ్ల నుంచి బయటపడిన పిల్లలు సముద్రం వైపు కాక దీపాల వైపు నడుస్తాయి. కావలసింది సరైన జోడీ: డిమ్మింగ్‌కు పనికొస్తుందని రాసి ఉన్న బల్బు, ఎల్ఈడీకి తగిన డిమ్మర్, బోర్డులో న్యూట్రల్ వైరు. వెలుగును తనలోనే తగ్గించుకునే స్మార్ట్ బల్బుకు మామూలు స్విచ్ చాలు, డిమ్మర్ పెట్టకూడదు. చెన్నై నుంచి సముద్ర గర్భ కేబుల్ 2020 ఆగస్టులో వచ్చినా, ఇంటర్నెట్ ఆగితే దీపం ఆగని పరికరాన్నే ఎంచుకోవాలి.

మిగతా బాధ్యత ప్రభుత్వానిది. మన స్టార్ లేబుల్ బల్బు ఎంత పొదుపరో చెబుతుంది కానీ డిమ్మర్‌తో పొసగుతుందో లేదో చెప్పదు. ఐరోపా సమాఖ్యలో 2021 సెప్టెంబరు నుంచి అమలవుతున్న నిబంధనలు రెపరెపలకు పరిమితి పెట్టాయి. డిమ్మింగ్‌కు పనికిరాని బల్బు పెట్టెపై ఆ సంగతి తెలపాలన్నాయి. అలాంటి ఒక్క వాక్యం మన బల్బు పెట్టెలపైనా తప్పనిసరి చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి డీజిల్ చుక్కా సముద్రం దాటి రావలసిన చోట ఆ వాక్యం విలువ ఎక్కువే.