ఆంప్ మోడలర్ మార్చినంత మాత్రాన హమ్ పోదు
గిటార్ ఆంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా ఇచ్చే లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ అమ్మేసి న్యూరల్ డీఎస్పీ క్వాడ్ కార్టెక్స్ కొనాలా? నా ఓటు ‘వద్దు’కే. 2018లో వచ్చిన స్టాంప్‌లో మొదట 6 బ్లాకులే, 2020లో 3.0 ఫర్మ్‌వేర్‌తో ఫ్రీగా 8 అయ్యాయి. కోడ్ రాసేవాడిగా నాకు నచ్చే అప్‌గ్రేడ్ అంటే అదీ!

నేనుండేది విజయవాడ ఆటోనగర్‌లో. చుట్టూ వెల్డింగ్ మెషీన్లు, లేత్ మోటార్లు. సింగిల్ కాయిల్ పికప్ ఆ హమ్మంతా లాగేస్తుంది. గెయిన్ పెంచామా, నోట్ కంటే మోతే ఎక్కువ. ఎంత ఖరీదైన మోడలర్ అయినా గిటార్ పంపిన సిగ్నల్‌నే కదా తీసుకునేది! నాయిస్ గేట్ పెట్టొచ్చు, కానీ సాగే నోట్ తోక కూడా తెగిపోతుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదాని హమ్‌ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తాయి. ముందు దానికి ఖర్చు పెట్టండి, మిగిలితే మంచి హెడ్‌ఫోన్స్‌కి. స్టేజ్ మీద పెద్ద టచ్‌స్క్రీన్ కావాల్సినవాళ్ల సంగతి వేరు.