వగరుని వగరనే అంటాను

పన్నెండేళ్ల క్రితం హైదరాబాదులో ఒక హోటల్లో జరిగిన వైన్ టేస్టింగుకి మొదటిసారి వెళ్లాను. ఇరవై మందిలో ఆడవాళ్లం ముగ్గురం. ఒక్కొక్కరి ముందూ ఆరు గ్లాసులు, ఒక కాగితం, పెన్సిలు, పక్కన ఉమ్మడానికి ఒక పాత్ర. రుచి చూసి తీర్పు చెప్పేవాళ్లు వైన్‌ని మింగరు. నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. మింగుతూ పోతే మూడో గ్లాసు దగ్గరే నాలుక మొద్దుబారుతుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను ఉమ్మలేకపోయాను. నలుగురిలో ఆడపిల్ల ఉమ్మడమేమిటని చిన్నప్పుడు తిన్న చీవాట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆరూ మింగాను. లేచేసరికి కాళ్లు తడబడ్డాయి. పక్క కుర్చీలోని పెద్దమనిషి నవ్వి, "మేడమ్‌గారికి ఇది పడేట్టు లేదండీ" అన్నాడు. నాతో కాదు, మా ఆయనతో.

ఆ రోజు నుంచి నేనొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. రుచి చూసిన ప్రతి వైన్ గురించీ నాలుగు ముక్కలు రాసుకుంటాను. ఇన్నేళ్లూ దాన్ని ఎవరికీ చూపించలేదు. కథలు అచ్చు వేయించుకున్నాను, సభల్లో పితృస్వామ్యం గురించి ఉపన్యాసాలిచ్చాను. ఈ పుస్తకాన్ని మాత్రం బీరువాలో చీరల కింద దాచాను. ఎందుకు దాచానన్నదే ఈ వ్యాసం.

రెస్టారెంటులో వైన్ అడిగితే సీసా మూత తీసి ముందు కొంచెం పోస్తారు. అది మర్యాద కోసం కాదు. బిరడా చెడితే వైన్‌కి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అది కనిపెట్టడానికి పోస్తారు. సీసా ఎంచింది నేను, అడిగింది నేను. కుర్రాడు పోసింది మా ఆయన గ్లాసులో. ఆయనకి పాపం ఆ వేళ జలుబు. ఒక గుక్క తాగి తల ఊపేశారు. నేను గ్లాసు తీసుకుని వాసన చూసి, ఇది చెడిపోయింది, మార్చమన్నాను. కుర్రాడు మా ఆయన మొహంలోకి చూశాడు. ఆయన "ఆవిడ చెప్తోంది కదయ్యా" అన్నాకే సీసా వెనక్కి వెళ్లింది. నా ముక్కు చెప్పిన సాక్ష్యం చాలలేదు. జలుబు చేసిన ముక్కు దాన్ని ధ్రువీకరించాల్సి వచ్చింది!

ఇది ఒక్క హోటల్ కుర్రాడి అమాయకత్వం అనుకుంటే పొరపాటే. 1976 మే 24న పారిస్‌లో జరిగిన రుచి పోటీని వైన్ ప్రియులు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. పేర్లు దాచి రుచి చూస్తే కాలిఫోర్నియా వైన్లు ఫ్రాన్స్ వైన్లని ఓడించాయి. నిర్వాహకుడిగా స్టీవెన్ స్పరియర్ చరిత్రకెక్కాడు. ఆ ఆలోచన ముందుగా వచ్చింది ఆయనతో పనిచేసిన పాట్రీషియా గాలఘర్‌కి. ఆమె పేరు ఎందరికి గుర్తుంది? లెక్కలోకి తీసుకున్న తొమ్మిది మంది ఫ్రెంచి న్యాయనిర్ణేతల్లో ఒకే ఒక్క స్త్రీ ఓడెట్ కాన్. పేరున్న వైన్ పత్రికకి సంపాదకురాలు. ఆమె కథలో మిగిలింది ఎలా? ఫలితం విని ఉక్రోషంతో తన మార్కుల కాగితం వెనక్కి ఇమ్మని అడిగిన మనిషిగా. ఒకామెను మరిచిపోయారు, ఇంకొకామెను నవ్వులాటకి గుర్తుపెట్టుకున్నారు. సాహిత్య చరిత్రలో మనకి బాగా తెలిసిన పద్ధతే ఇది.

ఇక భాష సంగతి. ఫ్రాన్స్‌లోని బర్గండీలో షాంబోల్-ముసిన్యీ అనే ఊరి వైన్ "స్త్రీ", జెవ్రే-షాంబెర్తాన్ అనే ఊరి వైన్ "పురుషుడు" అని తరతరాలుగా రాస్తున్నారు. మృదువుగా ఉంటే స్త్రీ, గట్టిగా నిలబడితే పురుషుడు. రెండూ ఒకే రకం ద్రాక్ష, ఒకే ప్రాంతపు మట్టి. మనల్ని రుచి చూసేవాళ్లుగా ఒప్పుకోనివాళ్లు గ్లాసులో మాత్రం మనల్నే వెతుక్కుంటారన్నమాట! ప్రబంధాల నాయికా వర్ణన చదివి చదివి విసిగిన మనకి ఇదేమంత వింత కాదు.

ఈ అలవాటుని పద్ధతిగా ఎదుర్కొన్న మనిషి ఆన్ నోబెల్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిస్‌లోని వైన్ విభాగంలో అధ్యాపకురాలిగా చేరిన మొదటి స్త్రీ. 1980లలో ఆమె వైన్ వాసనల చక్రం ఒకటి తయారుచేసింది. అందులో "సొగసైన", "హుందా అయిన" లాంటి మాటలకి చోటు లేదు. మిరియం, లవంగం, నిమ్మ, ఎండుగడ్డి, పొగ. ఎవరైనా వాసన చూసి సరిపోల్చుకోగల మాటలే ఉంటాయి. అంటే రుచి చెప్పడం పుట్టుకతో వచ్చే అధికారం కాదు, ఎవరైనా నేర్చుకోగల విద్య అని ఆమె అన్నట్టే. నాకు కనిపించిన గొప్ప స్త్రీవాద పనుల్లో ఇదొకటి, ఆమె ఆ పేరు పెట్టినా పెట్టకపోయినా.

అయితే ఆ చక్రాన్ని కూడా మనం ఉన్నదున్నట్టు మోయక్కర్లేదు. నాసిక్ షిరాజ్ ఒకటి రుచి చూసి, "నేరేడుపండు, మిరియం, చివర్లో జామపిందె వగరు" అని ఒక సమావేశంలో చదివాను. ఒకాయన సరిదిద్దాడు, "బ్లాక్‌కరెంట్ అనాలి మేడమ్" అని. "మీరెప్పుడైనా తిన్నారా అండీ అది?" అని అడిగాను. తినలేదట. పుస్తకాల్లో ఉందట.

వగరు అన్న మాట చూడండి. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్ నాలుకని పట్టేస్తుంది. దాన్ని చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు పేజీలు ఖర్చు పెడతాయి. మనకి అది ఉగాది పచ్చడినాడు మామిడిపిందెతో పరిచయమయ్యే రుచి. లేత జామకాయ వగరు వేరు, అరటిపువ్వు వగరు వేరు, వక్క వగరు వేరు. ఈ తేడాలు ఏ పుస్తకంలో చదివాం? వంటింట్లో నేర్చుకున్నాం. మా అమ్మ నైవేద్యానికి వండినది దేవుడికి పెట్టేదాకా నోట్లో వేసుకునేది కాదు. ఆవిరి వాసన చూసి పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పేది. పారిస్‌లో అయితే దాన్ని నైపుణ్యం అంటారు. మా ఇంట్లో "మీ అమ్మ చెయ్యి అలాంటిది" అన్నారు. ఆడవాళ్ల ముక్కు చురుకైనది, ప్రకృతి ఇచ్చిన వరం అని పొగిడేవాళ్లతోనూ నాకు పేచీయే. నలభై ఏళ్ల సాధనని వరం అంటే ఆ శ్రమ మాయమైపోతుంది.

వంటింటి దగ్గరే ఆగితే అది నా కులం మాట మాత్రమే అవుతుంది. నల్గొండ జిల్లాకి చెందిన నా సహాధ్యాపకురాలి తల్లి పోతుతాటి కల్లుకీ పండుతాటి కల్లుకీ తేడా ఒక్క గుక్కలో చెప్తుంది. పొద్దున దింపిందో మధ్యాహ్నం దాకా పులిసిందో చెప్తుంది. ఆమె తాగడం గురించి మావాళ్లు గుసగుసలాడారు. నేను వైన్ గురించి మాట్లాడితే అదే మనుషులు "అభిరుచి" అన్నారు. నోటుపుస్తకం దాచుకున్న సిగ్గులో నా కులం భయం కూడా ఉందని ఆమె ముందు కూర్చున్నప్పుడే తెలిసింది.

స్నేహితులు వేసే అసలు ప్రశ్నకి వస్తాను. "దూబగుంట స్త్రీల వారసులమని చెప్పుకుంటూ చేతిలో గ్లాసేమిటి?" 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ కోపం నా గ్లాసు మీద కూడా నీడలా పడుతుంది. పడాలి. వాళ్లు పోరాడింది కూలి డబ్బు దుకాణానికి పోవడం మీద, ఇంటికొచ్చి పడే దెబ్బల మీద, మగవాళ్ల తాగుడుని ఖజానాగా మార్చుకున్న ప్రభుత్వం మీద. అందుకే తాగే స్వేచ్ఛే విముక్తి అని గులాబీరంగు సీసాలు అమ్మేవాళ్లతో నేను గొంతు కలపను. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మద్యం రొమ్ము క్యాన్సరు ముప్పుని పెంచుతుంది. సమీక్ష రాసేవాళ్లు ద్రాక్ష పేరు ఎంత నిజంగా రాస్తారో ఇదీ అంత నిజంగా రాయాలి. నేను కొనే సీసా ధర ఒక కూలిమనిషి రోజు సంపాదన కంటే ఎక్కువన్నదీ రాయాలి.

కానీ మింగడం గురించిన ఈ అభ్యంతరాలేవీ రుచి చెప్పే హక్కుని కొట్టివేయవు. మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్షలు 1953లో మొదలైతే, అందులో నెగ్గిన మొదటి స్త్రీ 1970లో గానీ రాలేదు. 2016లో ఆ పట్టా పొందిన తొలి భారతీయురాలు సోనల్ హాలండ్. భారతీయుల్లో మొదటి మగవాడి కంటే ముందే ఆమె ఉంది. తలుపు తెరిచినంత మాత్రాన లోపల భద్రత ఉంటుందనీ కాదు. అమెరికాలో మాస్టర్ సొమెలియేల సంస్థలోని పెద్దల లైంగిక వేధింపుల గురించి 2020లో 21 మంది స్త్రీలు బయటికొచ్చి చెప్పారు. నిపుణురాలివి కావాలంటే మా దయ కావాలి అన్న అధికారం ఎక్కడిదాకా పోతుందో వాళ్లే సాక్ష్యం.

అందుకే బీరువాలోంచి నోటుపుస్తకం తీశాను. ఇక మీదట నా సమీక్షలు నా పేరుతోనే వస్తాయి. అందులో స్త్రీ వైన్లూ పురుష వైన్లూ ఉండవు. నేను తినని పండ్లు ఉండవు. నేరేడు ఉంటుంది, వక్క ఉంటుంది, వగరు ఉంటుంది. వైనే కానక్కర్లేదు, కల్లు కావచ్చు, కాఫీ కావచ్చు, గోంగూర కావచ్చు. మీ నాలుకకి తెలిసినది మీ మాటల్లో రాయండి. ఎవరి తల ఊపు కోసమూ ఎదురుచూడకండి.

మొన్న ఒక టేస్టింగులో మళ్లీ ఆరు గ్లాసులు పెట్టారు. పాత్ర దగ్గరికి లాక్కుని, నలుగురూ చూస్తుండగా ఆరింటినీ ఉమ్మేశాను. తర్వాత లేచి నిలబడి, ఏది బాగుందో ఏది బాగాలేదో చెప్పాను.